ఇల్లొకటి... రాష్ట్రాలు రెండు!

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు, సొంతూళ్లో ఆర్నెల్లు ఉండే పెద్దలు వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. పాచిపెంట పక్క కొండల్లో మాత్రం గడప దాటకుండానే రెండు ప్రభుత్వాల కాగితాలు దాచుకునే పెద్దలున్నారు.

సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే రోడ్డు పాచిపెంట మండలంలోని పి.కోనవలస దాటగానే ఘాట్ ఎక్కుతుంది. మలుపుల్లో ఆంధ్రా ఎక్కడ ఆగిందో, ఒడిశా ఎక్కడ మొదలైందో కొండలు చెప్పవు. సాలూరు మండలం అంచున ఉన్న కొటియా ఊళ్లలో అయితే మనుషులూ చెప్పలేరు!

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇక్కడి 21 గ్రామాలు సర్వేకు అందలేదు. 1968లో తగవు సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కోర్టు దావా కొట్టేసి, యథాతథ స్థితి కొనసాగించమంది. 2021లో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది.

అందుకే చాలా ఇళ్లలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. నెల మొదట్లో ఆంధ్రా పింఛను, నెల మధ్యలో ఒడిశా పింఛను. 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ ఇక్కడ ఒకే రోజు వచ్చిపడింది.

చూసేవాళ్లకు ఇది రెండు చేతులా లాభమే. కానీ తగవు తేలిన రోజున ఒక కార్డు వదులుకోవాల్సిందే. ఏది వదలాలన్నది మాత్రం ఆ ముసలివాళ్ల చేతిలో లేదు.