ట్రాక్ పాడిన గొంతు

నా దగ్గర రికార్డింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్ని మైకు ముట్టుకోనివ్వకముందే ఒక ఆల్బమ్ మొత్తం కూర్చోబెట్టి వినిపిస్తాను. అలానిస్ మోరిసెట్ పాడిన 'జాగెడ్ లిటిల్ పిల్'. 1995 జూన్‌లో వచ్చింది. పాడింది కెనడా అమ్మాయి, అప్పటికి 21 ఏళ్లు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 12 వారాలు మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడాది ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌తో కలిపి 4 గ్రామీలు వచ్చాయి. లోకం మొత్తమ్మీద 3 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పిల్లలు విని బాగుందంటారు. అందులో వినబడే గొంతు చాలావరకు డెమో కోసం, అంటే నమూనాగా, పాడినదే అని చెప్పాక, మళ్లీ మొదటినుంచి పెట్టమంటారు.

హైదరాబాద్‌లో నా పని గొంతులు రికార్డు చేయడం. సినిమా పాటలు, భక్తి పాటలు, సొంతంగా బ్యాండ్ పెట్టుకున్న కుర్రాళ్ల పాటలు, ఏవైనా సరే. మన దగ్గర పాట తయారయ్యే పద్ధతి చాలామందికి తెలియదు. సంగీత దర్శకుడు బాణీ కట్టగానే ముందు ఒక ట్రాక్ సింగర్ వచ్చి పాడి వెళ్తారు. హీరోకో దర్శకుడికో వినిపించేది ఆ గొంతే. ఆ తర్వాత పెద్ద గాయకులు వచ్చి, హెడ్‌ఫోన్‌లో ఆ ట్రాక్ వింటూ తమ పాట పాడతారు. పని అయిపోగానే ట్రాక్ గొంతును మ్యూట్ చేస్తాం. ఆ మ్యూట్ బటన్ నొక్కేముందు ఒక్కసారి ఆగి వినమని చెప్పడానికే పిల్లలకు ఆ ఆల్బమ్ వినిపిస్తాను.

అలానిస్ కెనడాలో అప్పటికే 2 డాన్స్ పాప్ ఆల్బమ్‌లు చేసింది. 1994లో లాస్ ఏంజెలెస్‌లో గ్లెన్ బాలార్డ్‌ను కలిసింది. మైకేల్ జాక్సన్ పాడిన 'మ్యాన్ ఇన్ ది మిర్రర్' రాసిన ఇద్దరిలో ఆయనొకరు. అక్కడి ఎన్సినోలో ఆయన ఇంట్లోనే స్టూడియో. ఇద్దరూ కూర్చుని పాట రాయడం, ఆ రోజే ఆమె ఒకటి రెండు టేకుల్లో పాడేయడం. అంత పేరున్న రచయిత ఎదురుగా ఉండి కూడా ఆ పిల్ల గొంతును సవరించడానికి పూనుకోకపోవడం, నా దృష్టిలో, ఆ ఆల్బమ్‌కు జరిగిన అన్నిటికంటే పెద్ద మేలు.

'యూ ఆటా నో' పాట తీరు ఇంకా వింత. తర్వాత ఆ పాటకు బేస్ వాయించడానికి ఫ్లీ, గిటార్ వాయించడానికి డేవ్ నవారో వచ్చారు. ఇద్దరూ అప్పుడు రెడ్ హాట్ చిలీ పెప్పర్స్‌లో ఉన్నవాళ్లే. అప్పటికే రికార్డయి ఉన్న ఆమె గొంతు వింటూ, దాని కోపానికి తగ్గట్టు వాళ్లు వాయించారు. మామూలుగా వాద్యాలు ముందు, గొంతు వెనక. ఇక్కడ గొంతు దారి చూపిస్తే వాద్యాలు నడిచాయి.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. కొత్తగా ఎడిటింగ్ నేర్చుకున్నవాళ్లు చేసే మొదటి పని, గొంతు ట్రాక్‌లో ఊపిరి శబ్దాలన్నీ కోసేయడం. తెర మీద అలలు శుభ్రంగా కనిపిస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. పాట మాత్రం చచ్చిపోతుంది. ఈ ఆల్బమ్‌లో ఆమె ఊపిరి పీల్చడం పక్కన కూర్చున్నంత స్పష్టంగా వినబడుతుంది. తర్వాతి మాట ఎంత బలంగా రాబోతోందో ఆ పీల్పులోనే తెలిసిపోతుంది. మొదటి పాటలో ఒకచోట సంగీతమంతా ఠక్కున ఆగిపోతుంది. నిశ్శబ్దం అంటే నీకెందుకు భయం అని అడిగి, ఆ నిశ్శబ్దాన్నే మన ముందు పెడుతుంది. లోపల అంత ఆవేశం ఉన్న గొంతు కాకపోతే, ఆ ఖాళీ ఏదో మిషన్ పాడైనట్టు వినబడేది.

ఖమ్మం నుంచి ఒకమ్మాయి తన బ్యాండ్‌తో వచ్చింది. రాక్ పాట, తనే రాసుకుంది. గిటార్ అబ్బాయి ఆంప్ సర్దుకుంటుంటే, "అన్నా, వీళ్లకి వరస గుర్తుండటానికి ఒకసారి ఊరికే పాడతా" అని బూత్‌లోకి వెళ్లింది. ఊరికే పాడేవాళ్లకు కూడా నేను మంచి మైకే పెడతాను, లెవెల్ సరిచూసి రికార్డింగ్ నొక్కే ఉంచుతాను. రెండో చరణం పైస్థాయిలో ఒకచోట ఆమె గొంతు జీరబోయి, చివరి అక్షరం దగ్గర చీలింది. ఆగలేదు, ఆ చీలిక మీదుగానే పల్లవి అందుకుంది. మధ్యాహ్నం అసలు టేకులు తీసుకున్నాం. శ్రుతి, ఉచ్చారణ, అన్నీ కుదిరాయి. సాయంత్రం వాద్యాలన్నీ ఆపి రెండూ పక్కపక్కన వినిపించాను. డ్రమ్స్ కుర్రాడు, "అక్కా, పొద్దున్నదే పాట. ఇది పాఠం అప్పజెప్పినట్టుంది" అన్నాడు. "అక్కడ గొంతు పోయింది కదరా" అంది ఆమె. "పోయిన చోటే కదక్కా మాకు ఏడుపొచ్చింది" అన్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, పొద్దున ఆమె క్లిక్, అంటే హెడ్‌ఫోన్‌లో లయ చూపే టిక్‌టిక్ శబ్దం, లేకుండా పాడింది. లయ ఒకచోట పరుగెత్తింది, ఒకచోట సాగింది. గొంతును ముక్కలు చేసి తెర మీది లయ గీతల గ్రిడ్‌లో కూర్చోబెట్టడం నాకు చిటికెలో పని. అయినా ఆ పని చేయలేదు. ఆ గొంతు హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని, ఆమె ఎక్కడ తొందరపడుతుందో ఎక్కడ నిలబడుతుందో కంఠతా వచ్చేదాకా విని డ్రమ్స్ కుర్రాడే ఆమె వెంట నడిచాడు. గొంతు చీలిన అక్షరం దగ్గర తాళం వేయకుండా చేతులు ఎత్తి పెట్టాడు. నేనెవరికీ చెప్పి చేయించిన పని కాదది.

ఈ ట్రాక్ గొంతు విషయంలో డబ్బు, గౌరవం కూడా ఉన్నాయి. అలానిస్ డెమో పాడింది తన పాటకే కాబట్టి పేరూ ఆమెదే, ఫలితమూ ఆమెదే. మన ట్రాక్ సింగర్లకు ఆ భాగ్యం లేదు. ట్రాక్ గొంతే బాగుందని సినిమాలో ఉంచేసిన సందర్భాల్లో పాడినవాళ్ల పేరు వేయాలి, ట్రాక్ కూలి కాకుండా పాట పారితోషికం ఇవ్వాలి. ఇది దయ కాదు, వాళ్ల హక్కు. నా సెషన్లలో ప్రతి ట్రాక్ ఫైల్ మీదా పాడినవాళ్ల పూర్తి పేరు, తేదీ, వాడిన మైకు రాసి ఉంటాయి. మిక్సింగ్‌కు ఎవరి చేతికి వెళ్లినా, ఆ గొంతు ఎవరిదో తెలియదని అనడానికి వీలుండదు.