పెద్దబాపు రైఫిలు

జింకను కొట్టడానికి ఏ తుపాకి మంచిదని అడిగితే మా పెద్దబాపు దగ్గర గంటసేపు జవాబు ఉండేది. అందులో తుపాకి గురించి ఉన్నది సగమే. మిగతా సగం గాలి, నేల, ఓపిక. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. నాకు తెలిసిన తుపాకులల్లా రెండే. ఒకటి కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. వాళ్లు చేతికిచ్చిన పాయింట్ టూటూ, రెండోది బ్రాంచి గుమ్మంలో గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్. అయినా పెద్దబాపు చెప్పినవి మరచిపోలేదు. ఈమధ్య శనగ కాపుకొచ్చే రోజుల్లో బ్రాంచికి వచ్చిన రైతులు ముగ్గురు, వేర్వేరు రోజుల్లో, నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: “సాబ్, తుపాకి కొనడానికి లోను ఇస్తారా?” నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. అందుకే ఇది రాస్తున్నాను.

మా వైపు సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నాందేడు జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు మన భాష గోడకు పెట్టిన సున్నంలా అంటుకునే ఉంటుంది. ఇంటిపేర్ల చివర ‘వార్’ చేర్చుకుని మరాఠీలో సంతకం పెడతాం, వంటింట్లో మాత్రం తెలుగే. 1948 వరకు నిజాం రాజ్యం, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. రాజ్యాలు మారాయి గానీ గోదావరి ఇవతలి జింకలకు, అవతలి జింకలకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. వేట కూడా ఈ నేలకు కొత్త కాదు. ఊరికి కొద్ది దూరంలో షికార్ ఘాట్ గురుద్వారా ఉంది. గురు గోవింద్ సింగ్ 1708లో నాందేడులో ఉన్నప్పుడు అక్కడ వేటాడారనీ, ఆయన చేతిలో చచ్చిన కుందేలు పూర్వజన్మలో ఒక భక్తుడనీ, ఆ దెబ్బతో దానికి ముక్తి దొరికిందనీ చెప్పుకుంటారు. వేటాడినవాడికీ వేటకూ మధ్య ఏదో లెక్క మిగిలే ఉంటుందన్న భావం ఆ కథలో నాకు కనిపిస్తుంది. బ్యాంకువాణ్ణి కదా, లెక్కలే కనిపిస్తాయి.

పెద్దబాపు దెగ్లూరు దగ్గర పల్లెలో వ్యవసాయం చేసేవాడు. ఆయనకు మొదటి కోపం పేర్ల దగ్గరే వచ్చేది. మరాఠీవాళ్లు అన్నింటినీ ‘హరణ్’ అంటారని, మనవాళ్లు అన్నింటినీ ‘జింక’ అంటారని విసుక్కునేవాడు. మా చేలల్లో తిరిగేది కృష్ణజింక. మగది ఇర్రి, ఆడది లేడి. దానిది మెలి తిరిగిన కొమ్ము, చచ్చేదాకా రాలదు. కిన్వట్, మాహూరు అడవుల్లో ఉండే చుక్కల దుప్పికీ, కణుజుకూ కొమ్మలు కొమ్మలుగా కొమ్ములు వస్తాయి, రాలతాయి, మళ్లీ మొలుస్తాయి. రోహి అని మరాఠీలో పిలిచే మనుబోతు గుర్రమంత ఉంటుంది. శాస్త్రం ప్రకారం కృష్ణజింక, మనుబోతు అసలు దుప్పి జాతే కావు, ఆవు, మేకల కుటుంబంలోవి. ఇర్రి బరువు నలభై కిలోలు దాటడం తక్కువ, కణుజు పోతు రెండు వందల కిలోల పైమాట. “జంతువు పేరు తెల్వనోడు తుపాకి పేరు అడుగుతడు” అనేవాడు.

ఇక తుపాకులు. మన దేశంలో మామూలు మనిషికి లైసెన్సు మీద దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పన్నెండు బోరు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అన్నమాట. అందుకే ఆ పేరు. గొట్టం లోపల నున్నగా ఉంటుంది. తూటాలో ఒకటి కాదు, చాలా గుండ్లు ఉంటాయి. ఎల్.జి. అనే పెద్ద గుండ్ల తూటా వేసుకుంటే ముప్పయి, నలభై గజాల దాకా జింక పడుతుంది. ఆపైన గుండ్లు చెదిరి ఒకటో రెండో తగులుతాయి. జంతువు పడదు, పోయి ఏ పొదలోనో రెండు రోజులకు చస్తుంది. పెద్దబాపు దీన్ని పాపం అనేవాడు కాదు, ‘దివాలా’ అనేవాడు.

రెండోది పాయింట్ టూటూ. గుండు రెండున్నర గ్రాములు. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. దొంగవేటగాళ్లకు ఇష్టమైనది అందుకే. దానితో జింకను కొట్టేవాణ్ణి ఆయన తన అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కాదు.

మూడోది ఆయనది, త్రీ ఫిఫ్టీన్ రైఫిలు, ఇషాపూరు ఫ్యాక్టరీది. సైన్యంలో వాడిన త్రీ నాట్ త్రీ బోరు పౌరులకు నిషేధం కాబట్టి, దాదాపు అదే మరను వేరే బోరులో తయారుచేసి అమ్మారు. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది కాబట్టి దారి తప్పదు. గుండు పదహారు గ్రాముల దాకా ఉంటుంది. ముక్కు దగ్గర మెత్తని సీసం బయటికి కనిపించే రకాన్నే ఆయన కొనేవాడు. అది తగిలిన చోట విచ్చుకుని జంతువును అక్కడే పడేస్తుంది. పూర్తిగా రాగి తొడుగున్న గుండు దూసుకుని అవతలికి పోతుంది, దెబ్బ తిన్న జింక మైళ్లు పరుగెడుతుంది. దూరం పెరిగే కొద్దీ గుండు కిందికి దిగుతుంది. వంద గజాలకు సరిచూసుకుని, నూట యాభై దాటితే ముట్టుకోకూడదని ఆయన నియమం.

ఏటా వేట మొదలయ్యే ముందు వాగు ఒడ్డున గట్టుకు నూనె డబ్బా ఆనించి, వంద గజాల నుంచి మూడు గుండ్లు కొట్టేవాడట. మూడూ అరచేయంత జాగాలో పడితే ఆ ఏటికి రైఫిలు సరే. లేకపోతే ఆ ఏడు వేట లేదు. గురి ముందుకాలి వెనక, ఒంటిలో మూడో వంతు ఎత్తున పెట్టాలి. అక్కడ ఊపిరితిత్తులు, గుండె ఉంటాయి. తలకు గురిపెట్టేవాడు తన గొప్ప చూపించుకునేవాడు, తప్పితే దవడ విరిగి జంతువు ఆకలితో చస్తుంది. గాలి ఎప్పుడూ మన ముఖానికి కొట్టాలి. లేడిని కొట్టరాదు. జీపులోంచి కొట్టరాదు, లైటు వేసి కొట్టరాదు. దెబ్బ తగిలినదాన్ని వెదకకుండా ఇంటికి రారాదు. “ఎంత దూరం కొడతవన్నది కాదు బిడ్డా, ఎంత దగ్గరికి పోతవన్నదే వేట” అనేవాడు. అన్నింటికన్నా పెద్ద నియమం ఒకటుంది. జంతువు వెనక ఏముందో కనిపించందే ట్రిగ్గరు మీద వేలు పెట్టరాదు. వెనక గుట్ట ఉండాలి, లేదా మట్టికట్ట ఉండాలి. ఆకాశం ఉండకూడదు.

అప్పట్లో అటవీశాఖ నుంచి లైసెన్సు తీసుకుని, చెప్పిన అడవిలో, చెప్పిన నెలల్లో వేటాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో చేరింది. 1991 సవరణతో వేట లైసెన్సు అన్నమాటే లేకుండా పోయింది. పెద్దబాపు మాత్రం మొదటి దెబ్బకే మానేశాడు. ప్రభుత్వమంటే భయంతో కాదు. ఒకప్పుడు పొద్దున్నే వందల మంద కనిపించే బీడులో పదీ పన్నెండు మాత్రమే మిగలడం ఆయన కళ్లారా చూశాడు. రైఫిలు లైసెన్సు మాత్రం రెన్యూవల్ చేయిస్తూనే ఉన్నాడు. దసరాకు నూనె పూసి, బొట్టు పెట్టి, జమ్మి ఆకు పెట్టేవాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. నేను చూసిన రైఫిలు అదే, పండుగకూ ఎన్నికకూ బయటికి వచ్చేది.

చట్టం పనిచేసింది, జింకలు పెరిగాయి. దేశానికి అది మంచివార్త. తెలంగాణ 2014లో జింకనే రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. కానీ బీళ్లు పెరగలేదు, తగ్గాయి. తోడేళ్లు తగ్గాయి. మంద మేసే గడ్డి పోయి సోయాబీను, శనగ వచ్చాయి. మొలక లేతగా ఉన్నప్పుడు ముప్పయి జింకల మంద ఒక్క రాత్రి దిగిందంటే ఎకరం కింద గీత గీసుకోవాల్సిందే. నేను పంట రుణాల ఫైళ్లు చూసేవాణ్ణి. ‘ఎందుకు కట్టలేదు’ అన్న గడిలో ‘వర్షం లేదు’ అని రాయడానికి మాకు అలవాటుంది. ‘జింకలు తిన్నాయి’ అని రాస్తే పైవాళ్లు నవ్వుతారు. పంచనామా జరిగితే నష్టపరిహారం ఉంది, అది వచ్చేసరికి తర్వాతి పంటకు విత్తనాలు కొనే రోజు దాటిపోతుంది.

పెద్దబాపు 2011లో పోయాడు. ఆయన కొడుకు, నాకు తమ్ముడు, ఎనిమిది ఎకరాలు చేస్తాడు. “అన్నా, నువ్వు బ్యాంకోనివి, కాయితాలు నీకెరుక. బాపు రైఫిలు నా పేర చేయించు” అన్నాడు. వారసుల సమ్మతి పత్రాలు, దరఖాస్తులు, పోలీసు విచారణ అన్నీ అయ్యేసరికి ఏడాది పైన పట్టింది. కారణం దగ్గర ‘పంట రక్షణ’ అని రాశాం. చట్టం ఏం చెబుతుందో కూడా వాడికి విడమరచి చెప్పాను. అడవిపందికీ, మనుబోతుకూ పంట పాడుచేస్తే అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కృష్ణజింకకు పంట అన్న కారణం చాలదు. మొదటి షెడ్యూలు జంతువును కొడితే మూడేళ్లకు తక్కువ కాని జైలు. “బెదిరిద్దామనే అన్నా, కొట్టను” అన్నాడు.

2014 చలికాలంలో, శనగ పూత మీద ఉండగా, వెన్నెల రాత్రి మంద దిగింది. ఏడాదికి ముందే కరువు, ఇంట్లో కూతురి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. వాడు రైఫిలు తీశాడు. ఏనాడూ అరవనివాడు, ఆ రాత్రి నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంటూ గట్టు మీద బోర్లా పడుకున్నాడట. నల్లని ఇర్రి ఒకటి ఎనభై గజాల్లో పక్కకు తిరిగి నిలబడింది. గురి కుదిరింది. అప్పుడు గొట్టం చివర ఉన్న గురిపుల్ల పక్కన, జింక కడుపు కింద, ఒక ఎర్రటి చుక్క వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది. పక్క చేను ముసలాయన, నాలుగు వందల గజాల దూరంలో మంచె మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. వాడు వేలు తీసేసి, గుండ్లు కిందికి దింపి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడట.

ఆ మాట వారం తర్వాత నాకు చెప్పాడు. బ్యాంకుకు వచ్చి, టీ చల్లారేదాకా చేత్తో పట్టుకుని చెప్పాడు. నాకు అప్పుడు తోచింది ఒకటే. ఆ రైఫిలు చెడ్డది కాదు, అది ఉండవలసిన చోట లేదు. త్రీ ఫిఫ్టీన్ గుండు అడ్డం లేకపోతే రెండు కిలోమీటర్లు దాటి పోతుంది. అడవిలో గుట్టలున్నాయి, చెట్లున్నాయి, రాత్రి మనుషులుండరు. మా నల్లరేగడి చేలు పళ్లెంలా చదునుగా ఉంటాయి. పంట కాపాడుకోవాల్సిన ప్రతి రాత్రీ ప్రతి చేలోనూ ఒక మనిషి మేలుకుని ఉంటాడు. జింకలు వచ్చే గంటే మనుషులు కాపలా ఉండే గంట. పన్నెండు బోరు గుండ్లు కొన్ని వందల గజాల్లో పడిపోతాయి గానీ, చీకట్లో అదీ మనిషిని గుర్తుపట్టదు. పంట రక్షణకు లైసెన్సులడిగే కుర్రవాళ్లు తుపాకి ఎంత దూరం పోతుందని అడుగుతారు. ఎక్కడ ఆగుతుందని అడగరు.

2016 జూన్‌లో బీహారులోని మొకామాలో పంట నాశన జంతువులుగా అంతకుముందే ప్రకటించిన మనుబోతులను కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా కొట్టించారు. హైదరాబాదు నుంచి వెళ్లిన షూటర్లు చేసిన పని అది. కేంద్రమంత్రులు ఇద్దరు బహిరంగంగా వాదులాడుకున్నారు. మా ఊళ్లో రచ్చబండ దగ్గరా వాదన జరిగింది. నేను ఏ పక్షమూ కాలేకపోయాను. పంట పోయినవాడి ముందు కరుణ గురించి చెప్పడం సులభం కాదు. అనుభవమున్నవాడు, అనుమతితో, పగటివేళ, వెనక ఏముందో చూసుకుని కొట్టడం ఒకటి, అప్పుల్లో ఉన్నవాడు కోపంతో చీకట్లో కొట్టడం ఇంకొకటి. మొదటిదాన్ని ప్రభుత్వం ఆలోచించుకోవాలి. రెండోదానికి అప్పిచ్చే బ్యాంకు ఉండకూడదు.

తమ్ముడు 2015లో పోలీసుల అనుమతితో రైఫిలును లైసెన్సున్న డీలరుకు అమ్మేశాడు. వచ్చిన డబ్బుకు అప్పు కలుపుకుని సౌర కంచె వేశాడు. ఆ అప్పు నా బ్రాంచిది కాదు, బంధువుల ఫైలు మీద నేను సంతకం పెట్టను. కంచె పందులను చాలావరకు ఆపింది. జింకలు అప్పుడప్పుడు దూకుతూనే ఉన్నాయి. బ్యాటరీ పాడైతే మెకానిక్కు నాలుగు రోజులకు గానీ రాడు. ఆ నాలుగు రాత్రులు వాడూ, వాడి కొడుకూ వంతులవారీగా మంచె మీద ఉంటారు, డబ్బా వాయిస్తారు, రేడియో పెడతారు.

ఆ ముగ్గురు రైతులకు నేను కంచె లోను దరఖాస్తులు ఇచ్చి పంపాను. ఒకాయన నింపి తెచ్చాడు. ఇద్దరు ఇంకా రాలేదు. మొన్న దసరాకు తమ్ముడింటికి వెళ్తే, రైఫిలు ఉండే పీట మీద కొడవలి, దాని పక్కన కంచె బ్యాటరీ పెట్టి ఉన్నాయి. రెండింటికీ బొట్టు పెట్టాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, “అన్నా, దీని వారంటీ ఉగాదికి అయిపోతది, రాసిచ్చిన కాయితం కొంచెం చూడు” అన్నాడు.