కాఫిర్ ఎవరు? మా మామ అడిగిన ప్రశ్న

సావనీరుకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి నా గది తలుపు తట్టినప్పుడు, వృక్షశాస్త్రం విద్యార్థిని గనుక ఏ పత్తి మీదనో పురుగుమందుల మీదనో రాస్తానని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఈ ఏడాది నేను నిజంగా శ్రద్ధపెట్టి చదివింది సిలబస్‌లో లేని ఒక్క మాట గురించి. ఆ మాట వెనక ఒక మనిషి బాధ ఉన్నది. అందుచేత దాని గురించే రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మందలించవచ్చు.

మా పొలం గట్టుకు ఆవల ఒక ముస్లిం రైతు ఉన్నాడు. మూడెకరాల ఆసామి, మా నాయిన ఈడువాడు. నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. మొహర్రం వస్తే మా ఊరి పీర్ల కొట్టంలో పెద్ద పీరును ఎత్తుకునేది వాళ్ళ ఇంటివాళ్ళే. ఆయన తండ్రీ తాతా కూడా ఎత్తారట. డప్పుల మోతతో పీరు మా గడప ముందుకు వస్తే అమ్మ బిందెడు నీళ్ళు ఆయన కాళ్ళ మీద పోస్తుంది, నాయిన కుడకల దండ కడతాడు. మలీద ముద్దలు నా వాటా. దేవుడి మీద నమ్మకం ఇంటర్‌లోనే పోయింది గాని మలీద మీద ఇప్పటికీ ఉన్నది.

ఈమధ్య సంవత్సరాల్లో మొహర్రం వానాకాలం విత్తనాల వేళకే వస్తున్నది. మొన్న నేను ఇంటికి పోయేసరికి చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. మామ మాత్రం గట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. "ఏం మామా, రేపు పీరు ఎత్తవా?" అంటే జవాబు చెప్పలేదు. సంగతి నాయిన చెప్పాడు. పట్నంలో ఉద్యోగం చేసే ఆయన తమ్ముని కొడుకు వచ్చి, పీరు ఎత్తడం కుఫ్ర్ అనీ, ఎత్తినవాడు కాఫిర్ అనీ అని, పెదనాయిన ఇంట్లో మెతుకు ముట్టకుండా బస్సెక్కాడట. చిన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పింది ఈయనే.

సాయంత్రం మామే మా ఇంటికి వచ్చాడు. "అల్లుడా, మీ కాడ పెద్ద లైబ్రరీ ఉన్నదంటరు గద. నేను కాఫిర్‌నా కాదా, జర చూసి చెప్పు" అన్నాడు.

"నాకు దేవుడే లేడు మామా. నన్నడుగుతవేంది?"

"అందుకే అడుగుతున్న. నువ్వు ఎవని దిక్కూ మాట్లాడవు."

ఇది నేను చదువు మొదలుపెట్టిన వైనం. మన ఉస్మానియా ఆవరణలోనే దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉన్నదని మనలో ఎందరికి తెలుసు? 1888లో హైదరాబాదులో పుట్టింది. అరబ్బీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. దూరదేశాల పండితులకు దాని పేరు తెలుసు, ఇదే ఆవరణలో తిరిగే నాకు తెలియదు. నాకు అరబ్బీ ఒక్క అక్షరం రాదు. ఇంగ్లీషు అనువాదాలతోనూ, అవి అర్థం కానిచోట అరబ్బీ శాఖలోని ఒక అధ్యాపకుల ఓపికతోనూ నెట్టుకొచ్చాను.

ముందు మాట సంగతి. కాఫిర్, కుఫ్ర్ అనే మాటలకు మూలం క, ఫ, ర అనే మూడు హల్లుల ధాతువు. దాని అసలు అర్థం కప్పడం. ఖురానులో 57వ అధ్యాయం 20వ వాక్యంలో ఈ లోకపు బతుకును వానకు పెరిగిన పైరుతో పోల్చారు. ఆ పైరును చూసి 'కుఫ్ఫార్' ముచ్చటపడతారు, ఆ తర్వాత అది పసుపుబారి ఎండి పొట్టవుతుంది. కుఫ్ఫార్ అనేది కాఫిర్‌కు బహువచనం. అక్కడ అవిశ్వాసులనే అర్థం తీసుకున్నవారూ ఉన్నారు గాని, చాలామంది వ్యాఖ్యాతలు రైతులు అనే చెప్పారు, విత్తనాన్ని మట్టితో కప్పేవారు గనుక. హైదరాబాదులో నిజాం కొలువులో పనిచేసిన మార్మడ్యూక్ పిక్తాల్ కూడా 1930లో వచ్చిన తన ఇంగ్లీషు అనువాదంలో అక్కడ సేద్యగాడు అనే అర్థంవచ్చే మాటే వేశాడు.

రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో ఇది చదివి ఒక్కణ్ణే నవ్వాను. గింజ పెట్టి కాలితో మన్ను కప్పడం ఏడేళ్ళ వయసులో నాకు నేర్పిన పని. "సరిగ కప్పురా, లేకుంటే పిట్టలు తింటయి" అని నాయిన వెనకనుంచి అరిచేవాడు. ధాతువు లెక్కన పోతే మా ఊళ్ళో కాఫిర్ కానిది కిరాణా కొట్టాయన ఒక్కడే.

మతం మాటగా వచ్చేసరికి కప్పేది విత్తనాన్ని కాదు, పొందిన మేలును. ఖురాను చాలాచోట్ల కుఫ్ర్‌కు ఎదురుగా నిలిపిన మాట షుక్ర్, అంటే కృతజ్ఞత. మేలు తెలిసికూడా కాదని కప్పిపుచ్చేవాడు కాఫిర్. దీన్నిబట్టి మనం కాఫిర్‌ను నాస్తికుడు అని అనువదించడం తప్పేనని నాకు తోచింది. మక్కాలో ప్రవక్తను ఎదిరించినవారు దేవుడు లేడనలేదు. ఆకాశాన్నీ భూమినీ సృష్టించిందెవరంటే అల్లాహ్ అనే చెబుతారని ఖురానే అంటుంది. ఇబ్లీస్ సంగతి ఇంకా విచిత్రం. దేవుడితో ముఖాముఖి మాట్లాడినవాడికి దేవుడున్నాడన్న అనుమానం ఎక్కడిది? ఆదాముకు తలవంచనన్న అహంకారమే అతణ్ణి కాఫిర్లలో చేర్చింది. కాలం తప్ప మమ్మల్ని చంపేది మరేదీ లేదనేవారి ప్రస్తావన వేరే ఉన్నది. వాళ్ళకు తర్వాతివారు దహ్రీలు అని పేరుపెట్టారు. నావంటి సైన్సు విద్యార్థుల బెంచీ అది. (మన నాస్తిక పదం మాత్రం తక్కువదా? మనుస్మృతి లెక్కలో నాస్తికుడంటే వేదనిందకుడు.)

ఇంతవరకు నిఘంటువు పని. ఎవరు లోపల, ఎవరు బయట అని గీత గీయడం మొదలయ్యాక రక్తం కనబడింది.

657లో యూఫ్రటీసు ఒడ్డున సిఫ్ఫీన్ దగ్గర అలీ సేనకూ ముఆవియా సేనకూ యుద్ధం జరిగి, మధ్యవర్తుల తీర్పుకు ఒప్పుకున్నారు. తీర్పు దేవుడిదే గాని మనుషులదా అని అలీ పక్షం నుంచే ఒక గుంపు విడిపోయింది. వాళ్ళే ఖారిజీలు. పెద్ద పాపం చేసినవాడు ముస్లిం కాడు, కాఫిరే అన్నారు. ప్రవక్త అల్లుడైన అలీనే కాఫిర్ అన్నారు. 661లో కూఫాలో ఆయన్ను కత్తితో పొడిచినవాడు వాళ్ళలో ఒకడు. ఇది చదువుతున్నప్పుడు నాకు పీర్ల పండుగ డప్పులు వినబడ్డాయి. మేము ఊళ్ళో తలుచుకుని ఏడ్చే హసన్, హుసేన్‌లు ఈ అలీ కొడుకులే గదా.

ఖారిజీలకు ఎదురుగా ముర్జియాలు అనేవారు, మనిషి గుండెలో ఏమున్నదో తేల్చే పని దేవుడికే వాయిదా వేద్దామన్నారు. బస్రాలో హసన్ బస్రీ చుట్టూ ఇదే చర్చ. పాపి అటూ కాడు ఇటూ కాడు, నడుమ మెట్టు మీద ఉన్నాడని వాసిల్ అనే శిష్యుడు లేచిపోయి వేరే కూర్చున్నాడని చెబుతారు. ఈనాటికీ ఒమాన్‌లో ఉన్న ఇబాదీలు పాపాన్ని కుఫ్ర్ అనే అంటారు గాని, అది కృతఘ్నత అనే కుఫ్ర్, మతం నుంచి వెళ్ళగొట్టేది కాదంటారు. మొత్తంమీద సున్నీ పండితుల్లో నిలిచిన మాట ఇది: పాపం చేసినంత మాత్రాన కాఫిర్ కాడు, నిషిద్ధమని తెలిసికూడా అది నిషిద్ధమే కాదని వాదిస్తే అది వేరు.

యుద్ధంలో శత్రువు కలిమా చదివినా ఉసామా అనే యువకుడు చంపేశాడట. ప్రాణభయంతో చదివాడని సంజాయిషీ చెబితే, అతని గుండె చీల్చి చూశావా అని ప్రవక్త నిలదీశాడని హదీసు. సోదరుణ్ణి కాఫిర్ అన్నవాడి మాట ఇద్దరిలో ఒకరి మీద వాలక తప్పదని ఇంకొక హదీసు. ఈ రెండూ నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను, మామకు చెప్పాలని.

నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్నవాడు గజాలీ (1058-1111). తత్త్వవేత్తల మీద రాసిన గ్రంథంలో ఇరవై విషయాల్లో వాళ్ళను ఖండించి, పదిహేడింటిని తప్పుదారి అని వదిలేసి, మూడింటికి మాత్రం కుఫ్ర్ ముద్ర వేశాడు: లోకం అనాది అనడం, దేవుడికి విడివిడి సంగతులు తెలియవనడం, శరీరంతో పునరుత్థానం లేదనడం. అదే మనిషి మరో పుస్తకంలో, ఖిబ్లా వైపు తిరిగి ప్రార్థించి కలిమా చదివేవారి విషయంలో వీలైనంతవరకు నోరు కట్టుకోమన్నాడు. ఒక ముస్లిం రక్తం పొరపాటున చిందించడం కన్నా వెయ్యిమంది కాఫిర్లను పొరపాటున వదిలేయడం తేలిక అన్నది ఆయన భావమే. ఇస్లాం సందేశం అందనివారికీ, వక్రంగా అందినవారికీ కూడా క్షమ ఉన్నదన్నాడు. (ఇంతా చదివాక నాకు ఆ మినహాయింపు కూడా పోయినట్టే.) గీతను వెడల్పు చేసినవాడే ముద్ర చెక్కి ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. తర్వాత ఇబ్న్ రుష్ద్ ఆ మూడు ముద్రల మీద గట్టిగా జవాబు రాశాడు. ఒక సైన్సు విద్యార్థిగా నా ఓటు ఆయనకే.

ముద్ర రాజ్యం చేతికి వస్తే ఏమవుతుందో పాకిస్తానులో చూడవచ్చు. 1953 పంజాబు అల్లర్ల మీద విచారణ జరిపిన న్యాయమూర్తులు మునీర్, కయానీలు, ముస్లిం అంటే ఎవరని ఉలేమాలను ఒక్కొక్కరినీ అడిగారు. ఏ ఇద్దరి జవాబూ కలవలేదనీ, ఒకరి నిర్వచనం ఒప్పుకుంటే మిగిలినవారందరి లెక్కలో కాఫిర్ కావలసి వస్తుందనీ 1954 నివేదికలో రాశారు. అయినా 1974లో అహ్మదీలను ముస్లిమేతరులుగా రాజ్యాంగంలోనే రాసేశారు.

మామ ప్రశ్నకు జవాబు మాత్రం నేను ఎదురుచూడని చోట దొరికింది. ఇబ్న్ తైమియా (1263-1328) అంటే సమాధుల దగ్గర మొక్కుబడులను ఒప్పుకోని కఠినుడు. పీర్ల పండుగ చూస్తే ఆయనా మండిపడేవాడే. కాని ఫలానా పని కుఫ్ర్ అనడం వేరు, ఆ పని చేసిన ఫలానా మనిషి కాఫిర్ అనడం వేరని గట్టిగా చెప్పినవాడూ ఆయనే. ఆ మనిషికి విషయం తెలుసా, తెలిసి చేశాడా, బలవంతమేమైనా ఉన్నదా, పొరపాటుగా అర్థం చేసుకున్నాడా, ఇవన్నీ తేలాలి.

దసరా సెలవుల్లో నోటుబుక్కు తీసుకుని పోయాను. మామ పత్తి చేలో ఉన్నాడు. దాచకుండా చెప్పాను. "పీరు ఎత్తుడు తప్పనే ఆలిములు చానమంది ఉన్నరు మామా. అది నేను కాదనలేను. కాని తప్పు చేసినోణ్ణి పేరుపెట్టి కాఫిర్ అనుడు అంత సులువు కాదు. అది వాళ్ళే రాసిండ్రు." ఉసామా కథ చెప్పాను. రైతును కూడా ఆ మాటతోనే పిలిచేవారని చెబితే, "గింజ కప్పెటోడా?" అని రెండుసార్లు అడిగి, నవ్వి, మా నాయినను కేకేసి ఆయనకూ చెప్పాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు కాఫిర్ అని పిలుచుకున్నారు.

తర్వాత మామ తువ్వాల దులుపుకుని లేచాడు.

"అంత మంచిగనే ఉన్నది అల్లుడా. మరి పోరడు ఈసారి వస్తే నా ఇంట్ల అన్నం తింటడా?"

నోటుబుక్కులో దానికి జవాబు లేదు. పత్తి ఏరే కూలోళ్ళు గట్టు దాటి వస్తున్నారు. మామ వాళ్ళకు ఎదురుపోయాడు.