థర్మాకోలు మందిరము

మా పాత మందిరమును పడగొట్టి క్రొత్తది కట్టాలని సంఘము తీర్మానించినప్పుడు, పాతదాని రూపమైనా మిగలాలని సండేస్కూలు పిల్లలతో కలిసి మేము థర్మాకోలుతో చిన్న నమూనా చేశాము. తీరా చూస్తే పెండ్లి కేకులా తెల్లగా ఉంది! పాతదనము రావాలని నల్ల ఆయిల్ పెయింటును థిన్నరులో కలిపి పూశాము. థిన్నరు థర్మాకోలును కరిగిస్తుందని మాకు తోచలేదు. కండ్లయెదుటే ఒక గోడ కుంగిపోయింది. పిల్లలు ఏడ్చారు. తప్పు మాదే.

మళ్లీ గోడ చేసి, ఎమల్షన్ వేసి, రాత్రంతా ఆరనిచ్చాము. గోధుమరంగు పోస్టర్ కలరులో కొంచెము నలుపు కలిపి, టీ డికాషనంత పలుచగా నీళ్లు పోశాము. అది గోడమీద చుక్కలుగా నిలిచిపోతుంటే ఒక్క బొట్టు షాంపూ కలిపాము. అప్పుడు పగుళ్లలోనికి దానంతటదే పారింది. మిగిలినది తడిగుడ్డతో పైనుండి క్రిందికి, వాన జారే దారినే తుడిచాము. ఎక్కువ పూస్తే మురికిగా కనబడుతుంది గాని పాతగా కనబడదు.

ఆదివారము ఆరాధన అయ్యాక ఒక అవ్వ వచ్చి కిటికీ క్రింది చారను వ్రేలితో తాకింది.

"ఈ కిటికీలోనుండే జల్లు కొట్టేదిరా. మీ తాత చాప ప్రక్కకు జరుపుకొని మోకరించేవాడు" అన్నది పిల్లలతో.