కడుపు మూసే చేతులు

మా సంపాదకులు జిల్లా ఆసుపత్రి సర్జరీ విభాగం మొత్తం చూసి రాయమన్నారు. నా అడుగు ఓపీ గది, దాని పక్కగది దాటలేదు.

బల్ల మీద పడుకున్నామెకు గర్భసంచి ఆపరేషనై రెండేళ్లయింది. "తల కాస్త పైకెత్తి దగ్గమ్మా" అన్నారు సర్జన్ మేడమ్. దగ్గగానే బొడ్డు కింద నిలువు మచ్చ పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేచింది. తల వాల్చగానే లోపలికి పోయింది.

"కలుపు తీయడానికి వంగితే లాగేస్తోంది మేడమ్. బెల్టు కట్టుకుంటూనే ఉన్నా, తగ్గదేం?"

"బెల్టు ఆపుతుందమ్మా, మాన్పదు."

పైన చర్మం మానినా, లోపల కడుపును పట్టి ఉంచే గట్టి పొర విడిపోయింది. ఆ సందులోంచి కొవ్వో పేగో బయటికొస్తుంది. అదే హెర్నియా. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా క్షణం ఆగకుండా వచ్చేయమని ఆమెకు రెండుసార్లు చెప్పారు.

పక్కగదిలో మేడమ్ పీజీ విద్యార్థులకు ఆ పొరను ఎలా మూయాలో స్పాంజి ముక్క మీద కుట్టి చూపించారు. అంచుకు 5 మిల్లీమీటర్లు లోపల, కుట్టుకూ కుట్టుకూ మధ్య 5 మిల్లీమీటర్లు. దారం బిగించలేదు, అంచులు కలిసేదాకానే లాగారు. బిగిస్తే రక్తం ఆడక పొర కోసుకుపోతుందట. ఎంత పట్టిందో తేల్చడానికి చివర్న మిగిలిన దారాన్ని స్కేలుతో కొలిచారు. 15 సెంటీమీటర్ల కోతకు కనీసం 60 సెంటీమీటర్ల దారం పట్టాలి. ఆ చేతుల నిదానం చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది.

ఈ కుట్లపైనే నెదర్లాండ్స్‌లో 560 మందిపై జరిపిన పరిశోధన 2015లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. సెంటీమీటరు ఎడంగా కుట్లు పడినవాళ్లలో ఏడాదికల్లా 21 శాతం మందికి హెర్నియా వస్తే, ఇలాంటి చిన్న కుట్లు పడినవాళ్లలో 13 శాతం మందికే వచ్చింది. అందుకు అదనంగా పట్టింది సగటున నాలుగు నిమిషాలు.

హెర్నియాకు చీము, ఊబకాయం, పొగతాగడం, ఆగని దగ్గు కూడా కారణాలే. కానీ కుట్టు పూర్తిగా డాక్టరు చేతిలోది. చాలాచోట్ల లోపలి పని కాగానే పెద్ద డాక్టరు గ్లవ్స్ తీసేస్తారు, మూయడం అలసిన జూనియరు వంతవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం చిల్లరైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఇంతమంది కడుపులు కోసే మనం మూయడాన్ని ఇంత తేలిగ్గా తీసుకోకూడదు. పట్టిన దారం పొడవు కేసు షీటులో రాయాలి. ఏడాది తర్వాత మనిషిని పిలిచి, దగ్గమని చూడాలి. కూలికి వంగే ఆడవాళ్లకు అది మనం బాకీపడిన వైద్యం.