గార్డు ఎత్తినా ఆగని మిక్సర్

బాలానగర్ పారిశ్రామికవాడలో హోటళ్ల వంట మిషన్లు బాగుచేసే షెడ్డు అది. బయట బోర్డు చిన్నదే. లోపల మాత్రం కాలు పెట్టే చోటు వెతుక్కోవాలి. పిండి కలిపే మిక్సర్లు, గ్యాస్ ఓవెన్లు, ఫ్రయ్యర్లు, ఇడ్లీ స్టీమర్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. కొన్ని రిపేరుకు వచ్చినవి, కొన్ని మూతపడ్డ హోటళ్ల నుంచి కొని తెచ్చినవి. కాస్టిక్ సోడాతో జిడ్డు కడుగుతుంటే ఆ ఘాటుకు కళ్లు మండుతాయి. యజమానికి యాభై దాటి ఉంటాయి. పనివాళ్లంతా అన్నా అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

నేను వెళ్లేసరికి ఆయన ఇరవై లీటర్ల ప్లానెటరీ మిక్సర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇలాంటి మిక్సర్లలో గిన్నె ముందు స్టీలు చువ్వల గార్డు ఉంటుంది. అది కిందికి దిగితేనే మోటారు తిరగాలి. గార్డుకున్న చిన్న మాగ్నెట్ మిషన్ బాడీలోని సెన్సరుకు ఎదురుగా వచ్చినప్పుడే కరెంటు అందుతుంది, గార్డు ఎత్తగానే ఆగిపోతుంది.

"ఇక్కడ జూడండి సార్" అని ఆయన సెన్సరు ఉండే చోట వేలు పెట్టాడు. నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టి ఉంది. దాని మీద మైదా ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండి పెచ్చులు కట్టింది. గోటితో గీకి టేపు ఊడదీస్తే లోపల గోరంత మాగ్నెట్, అలమర తలుపులకు బిగించే రకం. గార్డు మాగ్నెట్‌కు బదులు దీన్ని సెన్సరు మీదే అంటించేశారన్నమాట. ఆయన టేపు మళ్లీ నొక్కిపెట్టి స్విచ్చి వేశాడు, గార్డు పైకెత్తాడు. హుక్కు తిరుగుతూనే ఉంది.

"పిండి ఎన్ని పొరలుందో చూసిండ్రా? ఎన్నేండ్ల సంది ఇట్లనే నడుస్తుందో. ఎవరు చేసిండ్రంటే ఎవ్వరూ చెప్పరు. మొన్న వచ్చిన పిల్లగానికైతే అసలు గార్డు ఎందుకుంటదో కూడా తెల్వదు."

ఇలాంటి హుక్కు తక్కువ స్పీడులోనూ నిమిషానికి వంద చుట్ల దాకా తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు సెకను కంటే తక్కువే. అంచుకు అంటిన పిండిని లోపలికి తోయబోయిన వేళ్లు చిక్కుకుంటే, చిక్కాయని తెలిసి అరిచేలోపే చుట్టు పూర్తవుతుంది. గట్టి మైదా ముద్దను మెలితిప్పే మోటారుకు మనిషి మణికట్టు ఏ పాటి బరువు?

పోనీ గార్డు అంత అడ్డమా అంటే, పిండి పోయడానికి చువ్వల మధ్య సందు ఉంది. అంచులు గీకాలంటే ఎత్తాలి, దించాలి, మళ్లీ బటన్ నొక్కాలి. అయిదారు సెకన్ల పని. పొద్దున నాలుగింటికి బన్నుల పిండికి దిగిన మాస్టర్‌కు ఆ సెకన్లే బరువవుతాయి. ఇంకో కారణం కూడా అన్నే చెప్పాడు. కడిగేటప్పుడు నీళ్లు వెళ్లి సెన్సరు పాడవుతుంది. మిషన్ మొరాయిస్తుంది. మెకానిక్ వస్తాడు. స్పేరు రావడానికి వారం పడుతుంది, సెన్సరును తప్పించి కరెంటు డైరెక్ట్ ఇవ్వడానికి పది నిమిషాలు చాలు. "ఇప్పటికి డైరెక్ట్ కొట్టెయ్, స్పేరు వచ్చినంక చూద్దాం" అంటాడు ఓనరు. స్పేరు వచ్చినా మళ్లీ మెకానిక్‌ను పిలవరు, మిషన్ నడుస్తూనే ఉంది కదా!

నాకు బాగా కోపం తెప్పించిన సంగతి దీని తర్వాతిది. హోటళ్లు తెరుచుకున్నంత వేగంగా మూతపడతాయి. సామాను సెకండ్ హ్యాండులో ఇంకొకరికి పోతుంది, దాంతోపాటు ఆ టేపు, ఆ మాగ్నెట్ కూడా పోతాయి. డైరెక్ట్ చేయమన్నది ఒకరు, చేసింది ఇంకొకరు, చెయ్యి పెట్టేది ఈ ఇద్దరినీ ఎన్నడూ చూడని మూడో మనిషి. ఆ మూడో మనిషి ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికొచ్చిన కుర్రాడై ఉంటాడు. మిషన్ మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటుంది. 2024 డిసెంబరులో ముంబై వర్లీలో చైనీస్ ఫుడ్ స్టాల్‌కు సరుకు రుబ్బే గ్రైండర్లో చొక్కా చిక్కుకుని లోపలికి లాక్కుపోవడంతో ఒక కుర్రాడు చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు నేను అనుకున్నది మిషన్ల గురించి. ఈ షెడ్డులో నిలబడ్డాక, ఆ మిషన్ల దగ్గరికి ఎవరిని ఏం చెప్పి పంపుతున్నామన్నది కూడా అంతే పెద్ద ప్రశ్న అనిపించింది.

మిక్సర్ పక్కనే గ్యాస్ ఓవెన్. దాని బర్నర్ పక్కన పెన్సిలు మొన లాంటి రాగిరంగు ముక్క ఉంటుంది, పేరు థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలు అతికిన చోట వేడి తగిలితే ఇరవై ముప్పై మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. అంత కొంచెం కరెంటే ఒక విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే మొన చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. అన్న బల్ల మీద కొత్తది బిగించి చూపించాడు. మంట ఆర్పి చెయ్యి ఎత్తి "ఆగండి" అన్నాడు. అర నిమిషం దాటిందో లేదో వాల్వులోంచి టక్ మని చప్పుడు. గ్యాస్ బందు.

రిపేరుకొచ్చిన ఓవెన్‌లో ఆ చప్పుడు రాదు. వాల్వు లోపల వాషరు పెట్టి, ఎప్పటికీ మూసుకోకుండా బిగించేశారు. మొన మీద మసి పట్టినా, కాస్త పక్కకు వంగినా వేడి సరిగ్గా తగలక మంట నిలవదు, నాబ్ వదలగానే ఆరిపోతుంది. మసి తుడిస్తే పోయేదానికి వాల్వునే చంపేశారు.

ఎల్‌పీజీ గాలిలో 1.8 శాతం కలిస్తే చాలు, మండుతుంది. రెండు వందల లీటర్ల ఖాళీ ఉన్న ఓవెన్‌లో అది 3.6 లీటర్ల గ్యాస్, తూకంలో దాదాపు ఎనిమిది గ్రాములు. గంటకు అరకిలో కాల్చే బర్నర్ మంట ఆరి తెరిచి ఉంటే, అంత గ్యాస్ రావడానికి ఒక్క నిమిషం పడుతుంది. మంట ఆరిందని గమనించి, లైటరు వెతికి తెచ్చి, తలుపు తీసి ముఖం దగ్గరగా వంచి వెలిగించేలోపు ఆ నిమిషం ఎప్పుడో దాటిపోతుంది. వాసన వస్తుంది కదా అనుకోవచ్చు. మిరపకాయల పోపు, ఎగ్జాస్ట్ హోరు మధ్య ఆ వాసన పట్టే ముక్కు ఎవరికి మిగులుతుంది? పైగా గాలికంటే బరువైన గ్యాస్ కాళ్ల దగ్గర పేరుకుంటుంది.

ఫ్రయ్యర్ సంగతీ ఇంతే. నూనె 180 డిగ్రీల దగ్గర ఉంచే థర్మోస్టాట్ పాడైతే, 230 దగ్గర మొత్తం ఆపేసే రెండో కట్‌అవుట్ ఉంటుంది. దాని బటన్ చేత్తో నొక్కితేనే మళ్లీ నడుస్తుంది. మాటిమాటికీ నొక్కలేక వైరు ముక్కతో డైరెక్ట్ చేస్తారు. ఆ తర్వాత నూనె దానంతటదే అంటుకునే వేడికి చేరకుండా ఆపేదేమీ లేదు.

మధ్యాహ్నం అన్న ఒక మెస్‌కు సర్వీసుకు వెళ్తుంటే నేనూ బండెక్కాను. వంటగదిలో ఇడ్లీలకు ఆవిరి పంపే స్టీమ్ బాయిలర్. పైన సేఫ్టీ వాల్వు మీటను జీఐ వైరుతో కిందికి లాగి కట్టేశారు. మాస్టర్‌ది గోదావరి వైపు. దాచకుండా చెప్పాడు.

"ఏం చేస్తామండీ, పొద్దున్నే సుయ్‌మని ఆవిరి వదిలేస్తానే ఉంటది. ఇడ్లీ ఉడకట్లేదు, బయట జనం. కట్టేశామండి."

అన్న వాల్వు విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. కూర్చునే చోటంతా తెల్లగా సున్నం లాంటి పక్కు. బోరు నీళ్లలో ఉప్పులు. పక్కు అడ్డుపడి వాల్వు సరిగా కూర్చోక కారుతోంది. దాన్ని మూయడానికి కట్టిన వైరు, ఒత్తిడి పెరిగినప్పుడు తెరుచుకునే దారినీ మూసేసింది. నీరు ఆవిరైతే మామూలు ఒత్తిడిలో సుమారు 1,700 రెట్లు చోటు అడుగుతుంది. ఇంకో సంగతి: ఒక చదరపు సెంటీమీటరుకు కిలో కంటే తక్కువ ఒత్తిడికి తయారై, అంతలోనే నడిచే బాయిలర్లు మన బాయిలర్ల చట్టం పరిధిలోకి రావు. ఇరవై అయిదు లీటర్ల లోపువీ అంతే. అంటే ఇలాంటి చిన్న బాయిలర్లను ఇన్‌స్పెక్టరు వచ్చి చూడడు. వాటికి ఉన్న ఒకే ఒక్క ఇన్‌స్పెక్టరు ఆ వాల్వు. వైరు కట్టాక ఆ కిలో లెక్క కూడా కాగితం మీదే మిగులుతుంది.

అన్న వాల్వును నానబెట్టి కడగలేదు, కొత్తది వేశాడు. నీళ్లకు సాఫ్టెనర్ పెట్టించమని ఓనరుకు చెప్పాడు. పాత వైరు ముక్క మాస్టర్ చేతిలో పెట్టి "మళ్ల కారితే నాకు ఫోన్ చెయ్యి మాస్టర్, నువ్వు కట్టకు. పొద్దుగాలైనా సరే" అన్నాడు. మాస్టర్ తలూపాడు. ఈ ఒక్క మాట ప్రతి మెకానిక్కూ చెబితే సగం వైర్లు కట్టేవాళ్లే ఉండరని నా నమ్మకం. మిషన్ నడవకపోతే తిట్లు పడేది మాస్టర్‌కే. మరి ఆయన ఫోన్ చేయడానికి మనిషంటూ ఒకరుండాలి కదా.

తిరిగి షెడ్డుకు వచ్చాం. డెలివరీకి ముందు కొనేవాళ్ల ఎదురుగా అన్న కొన్ని పరీక్షలు చేస్తాడు. మిక్సర్ తిరుగుతుండగా గార్డు ఎత్తుతాడు. ఓవెన్ మంట ఆర్పి టక్ మనేదాకా ఆగుతాడు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కుతాడు. మెయిన్ ఆపి మళ్లీ వేసి, మిషన్ తనంతట తను మొదలవ్వకుండా ఉందో లేదో చూస్తాడు. అన్నీ కలిపి అయిదు నిమిషాలు. ఏ హోటల్ ఓనరైనా తన వంటగదిలో ఈ రోజే చేసుకోగల పని. గ్యాస్ వాసన వస్తే ఫోన్ చేయాల్సిన 1906 నంబరు కూడా బిల్లు వెనక తెలుగులో, హిందీలో రాసిస్తాడు.

నేను బయల్దేరుతుంటే ఆ మిక్సర్ ఓనరు నుంచి ఫోన్ వచ్చింది. రేపు పెళ్లి ఆర్డరుందట, స్పేరు వచ్చేదాకా పాత పద్ధతిలోనే పంపమంటున్నాడు. అన్న ఒప్పుకోలేదు. తన దగ్గర గార్డు సరిగ్గా పనిచేసే వేరే మిక్సర్ ఉంది, రెండు రోజులు వాడుకోమన్నాడు, అద్దె వద్దన్నాడు. అవతల కాసేపు బేరం నడిచింది. చివరికి ఆటో ట్రాలీ పంపిస్తానన్నారు. అన్న టేపు కింది మాగ్నెట్‌ను పీకి చెత్తడబ్బాలో వేసి, ఇవ్వాల్సిన మిక్సర్ గార్డు ఇంకోసారి ఎత్తి చూసుకున్నాడు.