తెఱచిన వాకిలి

వ్యసనమును ఉపదేశముచే మాన్పవచ్చునని మేము చిరకాలము నమ్మియుంటిమి. ఇరువదియేండ్లు సుద్దముక్క పట్టినవారికి ఈ భ్రమ సహజము. దానిని తొలగించినవాడు ఒక యువకుడు.

అతడు హైదరాబాదులో రైలుస్టేషనున పెరిగినవాడు. ఆకలి మఱచుటకై గుడ్డపై వైట్నరు పోసి పీల్చుట అక్కడనే నేర్చెను. ఒక ఆశ్రయగృహము చేరదీసి చదివించెను గాని, పదునెనిమిదేండ్లు నిండినంతనే అది విడువవలసివచ్చెను. ఇట్టివారికి ఇరువదియొక్కయేండ్లవఱకు తోడ్పాటు నొసగుటకు 2015 నాటి బాలన్యాయచట్టము అవకాశము కల్పించినది. అతని కది యందలేదు. మొయినాబాదు తోటలలో కూలికి కుదిరెను. పగలు పని, రాత్రి ఒంటరి గది, ఆ గదిలోనికి కల్లు.

మన ప్రాంతమున కల్లనగా ఎల్లప్పుడు చెట్టునుండి దిగినదే కాదు. నిద్రమందగు అల్ప్రాజోలము కలిపి అమ్మువారు కలరు. 2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరములందు కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

చేవెళ్ళలోని మా యింటికి అతడు ఆదివారములందు పుస్తకములకై వచ్చుచుండెను. ఒకనాడు కల్లువాసన గుర్తించి, సరస్వతీపటము నెదుట నిలిపి, ఇక ముట్టనని ప్రమాణము చేయించితిమి. ఎంత పొంగిపోయితిమో! మూడవనాటికి అతని చేతులు వణకెను, నిద్ర లేదు, మాట తడబడెను. నాల్గవనాడు మఱల త్రాగెను. "మాట నిలుపుకొనలేనివాడవు, మా గడప త్రొక్కకుము" అంటిమి. అతడు తలవంచి వెడలిపోయెను. రెండు నెలలు కనబడలేదు.

పిమ్మట నొక వైద్యుడు చెప్పగా తెలిసినది. అల్ప్రాజోలమునకు అలవడిన దేహమునకు అది ఒక్కసారిగా నిలిచిపోయినచో వణకు, మతిభ్రమణము, మూర్ఛకూడ రావచ్చును. వైద్యుల పర్యవేక్షణలో క్రమముగా తగ్గింపవలెను. మేము నీతిలోప మనుకొన్నది దేహబాధ. మేము చేయించిన ప్రమాణము ప్రాణమునకే ముప్పు కాదగినది. సంస్కృతమున వ్యసనమనగా ఆపదయనియు అర్థము కలదు. అందలి ధాతువునకు విసరుట యని యర్థము. ఈ సంగతి పిల్లలకు చెప్పుచు, మేమే ఒకనిని విసరివైచితిమి.

అతనిని వెదకి తెచ్చినది మా గృహిణి. ఎఱ్ఱగడ్డ మానసికచికిత్సాలయమునకు తోడుపోయినదియు ఆమెయే. మందు వైద్యు లిచ్చిరి. మిగిలినది పొరుగువా రిచ్చిరి. తోటమేస్త్రీ రాత్రులందు అతనిని తన యింట పరుండజేసెను. మా గృహిణి ప్రతిసాయంకాలము ఫోనులో ఒక్కమాటయే అడుగుచుండెను: "తిన్నవా బిడ్డా?" త్రాగితివా యని ఆమె ఎన్నడును అడుగలేదు.

ఈ సీమకు ఇది క్రొత్త విద్య కాదు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు 1991 మొదలు రంగారెడ్డిజిల్లా గ్రామములలో పనిపిల్లలను బడికి మరల్చినపుడు, ఊరివారు ఆ పిల్లల బాధ్యతను తమదిగా తలచిరి. చదువరులారా, బడికి రాని బాలునికై ఇల్లిల్లు తిరిగిన మనము, పదునెనిమిదేండ్లు దాటిన అనాథకై ఏల కదలము?

అతడు పూర్తిగా విముక్తుడయ్యెనని చెప్పజాలము. గతమాసమున ఒకరాత్రి మఱల తప్పెను. కాని తెల్లవారుసరికి మా వాకిట నిలిచి, "సారూ, రాత్రి తాగిన" అని తానే చెప్పెను. పూర్వము దాచెడివాడు. మేము ప్రమాణ మడుగలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి లోనికి పిలిచితిమి.